ఇనుమును విననొల్లని చెవి



రైలు స్టేషనులోను, కోర్టు వాకిటను, పెద్ద సభలు జరుగు చోట్లను మెటల్ డిటెక్టరు అను యంత్రమును మీలో అనేకులు చూచియుందురు. జేబులో తాళపుచెవి యున్నను అది కూయును. పోలీసువాడు మనవైపు తిరిగి చూచును. అదే జాతి యంత్రమును పొడవైన కడ్డీకి బిగించి, అడుగున పళ్లెము వంటి తీగచుట్టను అమర్చి, దున్నిన పొలములలో మెల్లగా అటునిటు ఊపుచు, నేలలోని పాత నాణెములను, గుండీలను, ఉంగరములను వెదకు అలవాటు ఇంగ్లండు మొదలగు దేశములలో ఉన్నది. పొలము యజమాని సెలవు తీసికొని, చెవులకు వినుగొట్టములు తగిలించుకొని, చలిలో వానలో గంటలకొలది తిరుగుదురు. వారిలో ధనాశతో వెళ్లువారు లేకపోలేదు. అయినను పెక్కుమందికి అది ఒక వ్యాపకము; మనలో కొందరికి చెరువుగట్టున గాలము వేసికొని కూర్చుండుట వంటిది.

మీకు ఎక్కువగా దొరకునదేమి అని వారిని అడిగితే, ఇనుము అని చెప్పుదురు. మేకులు, గొలుసు తునకలు, గుర్రపు లాడములు, విరిగిన పనిముట్లు, ఏమిటో తెలియని తుప్పు ముద్దలు. ఇందులో వింత లేదు. మన పల్లెలో కూలిన పాత ఇంటి దిబ్బను త్రవ్విచూచినను దొరకునవి ఇవియే: తలుపు బందులు, గొళ్ళెపు ముక్కలు, బండిచక్రపు పట్టా తునక, అరిగిపోయిన కఱ్ఱు, ఎద్దుకాలి లాడము. మనుష్యుడు వెండినాణెమును పోగొట్టుకొనినచో దీపము పట్టుకొని వెదకును, మేకు జారిపడినచో వంగనైన వంగడు. కాబట్టి ఎక్కడ మనుష్యులు తరతరములు కాపురముండిరో అక్కడ నేలనిండ ఇనుపచెత్త యుండును. ఇనుము బొత్తిగా లేని నేల బహుశః ఎవరును నివసించని నేల. వెదకువారి కష్టమంతయు ఇందులోనే యున్నది. మంచి వస్తువు దొరకగల చోటే అన్నిటికంటె చెత్తతో నిండిన చోటు.

యంత్రము పనిచేయు తీరు కొంచెము చెప్పవలెను. తీగచుట్టలో విద్యుత్తు అటునిటు పారుచుండగా దాని చుట్టు అయస్కాంత శక్తి యొకటి పుట్టి నేలలోనికి దిగును. అక్కడ లోహమున్నచో ఆ లోహములో కూడ చిన్న విద్యుత్ సుడులు పుట్టి, వాటి అయస్కాంత శక్తి తిరిగి పైకి వచ్చును. ఆ తిరుగు కబురును యంత్రము పట్టుకొని శబ్దముగా మార్చి మన చెవికి అందించును. అయితే వెండి ఇచ్చు జవాబును ఇనుము ఇచ్చు జవాబును ఒక్క తీరున ఉండవు. వచ్చు సమయములో బహు స్వల్పమైన తేడా యుండును. ఆ తేడానుబట్టి ఇది ఇనుము, ఇది వేరొక లోహము అని యంత్రము ఊహించును. అందుచేత యంత్రమునకు ఒక మీట పెట్టిరి. దానిని వారు డిస్క్రిమినేషన్ అందురు. మనము వేరుపాటు మీట అనుకొందము. దానిని త్రిప్పిపెట్టినచో, ఇనుమని తోచిన దేనికిని యంత్రము కూయదు. వంద మేకుల మీదుగా పోయినను చెవికి నిశ్శబ్దమే. మేకు మేకుకు వంగి త్రవ్వి నడుము విరిగిన వానికి ఈ మీట ఎంత హాయినిచ్చునో చెప్పనక్కరలేదు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. నాణెమొకటి, దాని ప్రక్కనే మేకొకటి ఉన్నవనుకొనుడు. తీగచుట్ట రెండింటిమీదుగా ఒకేసారి పోవును. రెండు జవాబులును కలిసి ఒకటై పైకి వచ్చును. ఇనుము జవాబు బలమైనదైనచో, ఆ కలిసిన జవాబంతయు ఇనుముగా తోచును. ఇనుమును వినవద్దని మనము ముందే ఆజ్ఞ ఇచ్చితిమి గదా! యంత్రము ఆజ్ఞను పాటించును. మేకుతోపాటు నాణెము కూడ మౌనములో పడిపోవును. నాణెము అక్కడ లేదని యంత్రము చెప్పలేదు. అసలు ఏమియు చెప్పలేదు. కాని నడచిపోవు మనిషి ఆ మౌనమును విని, ఇక్కడ ఏమియు లేదు అనుకొని ముందుకు సాగును. నేల ఖాళీగా నున్నప్పుడు కలుగు నిశ్శబ్దమొకటి, చెవి మూసికొన్నప్పుడు కలుగు నిశ్శబ్దమొకటి. వినువానికి రెండును ఒకటిగానే తోచును. నాకు ఈ విషయములో అన్నిటికంటె భయము గొల్పునది ఇదే. పొరబడితినని తెలియజేయు గుర్తు ఏదియు లేదు.

అట్లయితే మీటను త్రిప్పుట తప్పా? తొందరపడి అవునని చెప్పుటకు నాకు మనసొప్పదు. మనిషి ఆయుస్సు కొలది, పగటివెలుగు కొలది. ప్రతి మేకును త్రవ్వుదునని కూర్చున్నవాడు సాయంకాలమునకు మంచమంత నేల కూడ ముగించలేడు. మన స్త్రీలు బియ్యము చెరుగునప్పుడు ప్రతి గింజను వేలితో ముట్టుకొందురా? చేట విసరుతో ఊక ముందునకు పోవును, గింజ వెనుకనుండును. వేరుచేయుట లేకుండ ఏ పనియు సాగదు. వేరుచేయుటే పాపమైతే కళ్లమునకు వెళ్లుటకే వీలులేదు. కాని చేట పట్టిన తల్లికిని ఈ యంత్రపు మీటకును ఒక భేదమున్నది. ఆమె ఊకను కంటితో చూచి విసరును. ఊకతో నాలుగు గింజలు పోయినచో వెంటనే కనిపెట్టి మరల ఎత్తుకొనును. మీట త్రిప్పినవాడు తాను విసరివేసినదానిని చూడనే చూడడు. చూచి కాదనుట తీర్పు. చూడకముందే కాదనుటకు నేను మరియొక పేరు వెదకవలసియున్నది.

ఈ యంత్రము పుట్టుకలోనే ఇట్టి కథ యొకటి యున్నది. 1881వ సంవత్సరము జూలై 2వ తేదీని అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను వాషింగ్టను రైలు స్టేషనులో ఒకడు తుపాకితో కాల్చెను. గుండు వీపులో దూరి లోపలనే నిలిచిపోయెను. ఎక్స్‌రే కనుగొనబడుటకు ఇంకను 14 సంవత్సరములున్న దినములవి. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహాం బెల్ అప్పటికి 34 ఏండ్లవాడు. ఆయన ఈ సంగతి విని, రాత్రింబగళ్లు పాటుపడి, శరీరములోని లోహమును శబ్దముచేత కనిపెట్టు యంత్రమొకటి తయారుచేసెను. పూర్వపు యుద్ధములో గుండ్లు తగిలి అవి ఒంటిలోనే యుండిపోయిన పాత సిపాయిలపై దానిని పరీక్షించి చూచెను. యంత్రము పనిచేసినది. కాని అధ్యక్షుని పడకయొద్దకు వచ్చునప్పటికి శబ్దములు కలగాపులగమై గుండు జాడ తెలియలేదు. రెండవసారి ప్రయత్నించినను అంతే. తరువాత విచారించగా, ఆయన పండుకొన్న పరుపు క్రింద ఉక్కుతీగలతో అల్లిన పరుపు మరియొకటి యున్నదని బెల్ తెలిసికొనెను. రోగిక్రింద ఇనుము. ఎవరును దాని మాట తలంచలేదు.

ఇది సగము కథయే. ఆ వైద్యులలో ముఖ్యుడు డాక్టరు బ్లిస్ అనువాడు. గుండు కుడిప్రక్కనే యున్నదని ఆయన అదివరకే నిశ్చయించి లోకమునకు చాటియుండెను. కాబట్టి బెల్‌ను కుడిప్రక్క మాత్రమే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19వ తేదీని అధ్యక్షుడు మరణించిన తరువాత శరీరమును కోసి చూడగా గుండు వెన్నెముకకు ఎడమప్రక్కన నుండెను. ఆయన ప్రాణము తీసినది గుండు కంటె, శుభ్రము చేయని వ్రేళ్లతోను పనిముట్లతోను గాయమును కెలకుటచేత పుట్టిన చీమని నేటి వైద్యులలో అనేకులు తలంచుచున్నారు. పరుపులోని ఉక్కు చేసిన అపకారమును నేను పెద్దదిగా ఎంచను. దానిని తీసివేయవచ్చును, మంచము మార్చవచ్చును. కుడిప్రక్కనే యున్నదన్న మాటను ఎవరు తీసివేయగలరు? అది యంత్రములో లేదు, మంచములో లేదు. తాను చెప్పిన మాట అబద్ధమగునేమో అను బెదురు కూడ ఆ వైద్యునిలో ఉండియుండునని నా అనుమానము. మనుష్యుని మీట చాలసార్లు ఇట్టి చోటనే బిగిసిపోవును.

చెత్తనేలలో వెదకుటలో ఆరితేరినవారు ఏమి చేయుదురో తెలిసికొనుట నాకు మిక్కిలి ఇష్టమైనది. ఏలయనగా వారి యుపాయములలో మాయ ఏమియు లేదు, ఓర్పు మాత్రమే యున్నది. పెద్ద తీగచుట్టను తీసి చిన్నదానిని తగిలింతురు. అది ఒక్కసారి కొంచెము నేలనే చూచును గనుక మేకును నాణెమును విడివిడిగా వినవచ్చును. చేతిని మెల్లగా ఊపుదురు. ఒక ప్రక్కనుండి విన్నచోటినే తొంబది డిగ్రీలు తిరిగి మరియొక ప్రక్కనుండి విందురు. తూర్పునుండి మేకుగా కూసినది దక్షిణమునుండి సన్నగా, గొణుగుడువలె, వేరొక శబ్దము నిచ్చును. ఆ గొణుగుడుకై వారు వంగుదురు. వేరుపాటు మీటను బాగుగా తగ్గించి, ఇనుపగోలను గూడ చెవిలో పడనిత్తురు. గోల భరించుట అలవాటు కావలెను. క్రొత్తవారు అరగంటలోనే వినుగొట్టములు తీసి పారవేయుదురు. మరియొకటి కూడ చేయుదురు. త్రవ్వితీసిన మేకును తిరిగి గుంటలో వేయక సంచిలో వేసికొని పోవుదురు. తీసిన ప్రతి మేకును ఆ నేలకు ఒక తెర తొలగించినట్టే. నిన్న మూగగా నున్నచోటు రేపు పలుకవచ్చును. పలుమారులు వెదకి వట్టిదని వదలిన పొలములు ఇట్టి ఓర్పుగలవారికి మరల ఫలించుట సాధారణమే.

దీనిలో మోసపోవుటలు కూడ లేకపోలేదు. చదునుగా తుప్పుపట్టిన పెద్ద ఇనుప రేకు, నడుమ రంధ్రమున్న బిళ్ల, ఇవి వెండివలె చక్కగా కూయును. సోడాడబ్బా మూత రేకు బంగారు ఉంగరమువలె కూయును. వరిచేలో ఊదగడ్డి యెట్టిదో రైతులైన మీకు నేను చెప్పవలెనా? వెన్ను తీయువరకు అది వరిపిలక వలెనే నిలుచును. కలుపు తీయువాడు దూరమునుండి చూచి చెప్పలేడు, వంగి ఆకు మొదలు పట్టి చూడవలెను.

ఇంగ్లండు తూర్పున సఫోక్ అను జిల్లాలో హాక్స్‌న్ అను పల్లె యున్నది. 1992వ సంవత్సరము నవంబరు 16వ తేదీని అక్కడి రైతొకడు తన పొలములో సుత్తి పోగొట్టుకొని, ఎరిక్ లాస్ అను స్నేహితుని సాయమడిగెను. లాస్ తోటమాలి పని చేసి విశ్రాంతి తీసికొన్న పెద్దమనిషి. ఆయనయొద్ద మెటల్ డిటెక్టరుండెను. సుత్తికై వెదకుచుండగా యంత్రము గట్టిగా పలికెను. త్రవ్విచూడగా వెండి గరిటెలు, బంగారు నగలు, నాణెములు బయటపడెను. కొంత తీసిన తరువాత ఆయన త్రవ్వుట ఆపివేసి, పోలీసులకును నేలగల వారికిని కబురు పంపెను. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, మిగిలినదానిని ఉన్నది ఉన్నట్టు పైకి తీసిరి. సుమారు 15,000 నాణెములు, దాదాపు 200 వెండి బంగారు వస్తువులు. రోమను పరిపాలన బ్రిటనులో ముగియు కాలమున, అయిదవ శతాబ్దపు మొదటి దినములలో, ఎవరో ఒక కొయ్యపెట్టెలో భద్రముగా సర్ది పాతిపెట్టిన సొత్తు అది. మధ్యలో ఆపుటచేతనే పెట్టె యెట్టిదో, ఏ వస్తువు దేని ప్రక్కన నుండెనో తెలియవచ్చెను. ప్రభుత్వము 17,50,000 పౌనులు బహుమానముగా నిచ్చెను. లాస్ దానిని రైతుతో పంచుకొనెను.

సుత్తి కూడ దొరికినది. అదియు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములోనే యున్నది. ఈ కథ చెప్పువారందరు బంగారమును చూచి ఆశ్చర్యపడుదురు. నా ఆశ్చర్యము వేరు. ఆ దినమున పొలములోనికి వెళ్లినవారు వెదకినది ఇనుము. ఇనుమును వినవద్దని యంత్రమునకు ఆజ్ఞ ఇచ్చి సుత్తిని వెదకువాడు ఉండడు గదా! స్నేహితుని పనిముట్టు పోయినదని, దానికి ఎంత వెల యని చూడక, చలిలో పొలమంతా నడచిన మనిషి ఆయన. పొలములో దాచబడిన ధనమును గూర్చిన ఉపమానము చిన్ననాటినుండి విన్న మనకు ఈ రైతు సుత్తి కథ తోబుట్టువువలె తోచును. మన దేశములో కూడ 1878వ సంవత్సరపు నిధినిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయవలెను. గుప్తనిధులని చెప్పి పాడుపడిన గుళ్లలోను కోటలలోను అర్ధరాత్రి గునపములతో గోతులు త్రవ్వువారి సంగతి మీరు ఎరుగుదురు. బంగారము తప్ప మరేమియు వినని చెవికి ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. వారు పగులగొట్టి పారవేసిన రాతిలో ఒక ఊరి చరిత్ర యుండవచ్చును.

ఇనుము ప్రక్కనున్న నాణెము కొరకే ఇనుమును సహింపవలెనా అని ఎవరైన అడుగవచ్చును. ఒక్కొక్కచోట ఇనుమే చెప్పవలసిన మాట చెప్పును. అదే సఫోక్ జిల్లాలో సట్టన్ హూ అను చోట పాత మట్టిదిబ్బలుండెను. 1939లో బాసిల్ బ్రౌన్ అనునతడు, పెద్ద చదువులు చదువనివాడు, ఆ దిబ్బలలో పెద్దదానిని త్రవ్వించుచుండగా తుప్పుపట్టిన ఇనుప ముక్క ఒకటి దొరికెను. అతడు దానిని ఓడ చీలగా గుర్తించెను. ఆపి, బురుసుతో మెల్లగా ఇసుకను తొలగించుచు పోగా మరియొకటి, ఇంకొకటి, వరుసలు వరుసలుగా కనబడెను. ఓడ కొయ్య ఎన్నడో ఇసుకలో కరిగిపోయినది. చీలలు మాత్రము వాటి స్థానములలో నిలిచియుండెను. అతడు వాటిని పీకలేదు. అందుచేత సుమారు 27 మీటర్ల పొడవుగల ఓడ రూపమంతయు, కొయ్య ఒక్క ముక్కయైన లేకుండ, ఇసుకలో కనబడెను. నడుమ గదిలోని బంగారము తరువాత బయటపడినది. మన తెలంగాణములో నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఒకప్పుడు ఉక్కుకు పేరుగాంచిన ఊరు. పారశీక వర్తకులు కూడ వచ్చి కొనుక్కొని పోయిరని 19వ శతాబ్దములో వ్రాసినవారున్నారు. ఆ ప్రాంతములో పాత కొలిముల చిట్టెము నేటికిని కనబడును. బాటసారికి అది కాలిలో గ్రుచ్చుకొను రాయి. తెలిసినవారికి ఆ చిట్టెమే ఆ పూర్వపు కమ్మరులు వ్రాసియుంచిన లెక్కపుస్తకము.

మీట యంత్రములోనే గాక చట్టములోను ఉండవచ్చును. ఇంగ్లండులో 1996లో చేసిన నిధుల చట్టము ముఖ్యముగా బంగారము వెండియు నున్న పాత వస్తువులనే నిధిగా ఎంచెను. 2010లో ఉత్తరమున క్రాస్బీ గారెట్ అను ఊరియొద్ద ఒకరికి మెటల్ డిటెక్టరుతో రోమనుల కాలపు శిరస్త్రాణము, మనుష్యుని ముఖముతో చేసినది, బహు సుందరమైనది దొరికెను. అది కంచుతో చేసినది. కాబట్టి చట్టము చెవికి అది వినబడలేదు. ప్రజల మ్యూజియమునకు రాక, వేలములో 22 లక్షల పౌనులకు పైగా పలికి ఒక వ్యక్తి చేతికి పోయెను. 2023లో ఆ చట్టమును సవరించిరి. ఏ లోహమైనను సరే, 200 సంవత్సరములకు మించినదై, దేశచరిత్రకు అసాధారణమైన ప్రాముఖ్యము గలదైనచో నిధిగా ఎంచవచ్చునని చేర్చిరి. ఒక చట్టము తన మీటను తానే తగ్గించుకొనుట ఇది.

లోహములనుగూర్చి ఇట్టి తప్పు జరిగినచో పోయినది శిరస్త్రాణము. మనుష్యులనుగూర్చి జరిగినచో? 1871లో బ్రిటిషు ప్రభుత్వము మన దేశములో నేరస్థ తెగల చట్టమును చేసెను. 1911లో దానిని మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసిరి. ఈ చట్టము క్రింద ప్రకటింపబడిన తెగలో పుట్టినవాడు ఏమి చేసెనని ఎవరును విచారింపనక్కరలేదు. పుట్టుకయే చాలును. పేరు రిజిస్టరులో ఎక్కించుట, వ్రేలిముద్రలు తీయుట, ఊరు విడువకుండ హాజరు పట్టీ, కొందరికి కాపలాతోకూడిన సెటిల్‌మెంటు. తెలుగుదేశములో ఎరుకలవారు మొదలైనవారు దీనిక్రింద పడిరి. బాపట్లకు సమీపమున స్టువర్టుపురము అట్లు ఏర్పడినదే. ఆ సెటిల్‌మెంట్లను నడుపుటలో క్రైస్తవ సేవాసంఘములకు కూడ పాలుండెనని మనము దాచనక్కరలేదు. వడివాసిన మనసుతో, మేలు చేయుదుమను నమ్మకముతోనే చేసిరి. అయినను మీట త్రిప్పిన చేయి మంచిదైనంతమాత్రమున క్రిందనున్నవారి మాట పైకి వినబడలేదు. ఆ తెగలో బుట్టలల్లి, ఉప్పు మోసి, ఎన్నడును పరుల సొత్తు ముట్టక చనిపోయినవారెందరో! చట్టము చెవికి వారందరు ఒకటే శబ్దము. 1952వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీతో ఆ చట్టము రద్దయినది. నేటికిని ఆ దినమును వారు విముక్తిదినముగా జరుపుకొందురు.

చట్టపు మీటను ఒక్క కాగితముతో త్రిప్పవచ్చును. ఊరి చెవిని త్రిప్పుటకు గెజెట్టు లేదు. ఊరిలో కోడి పోయిన ఉదయమున ఎవరి గుడిసెవైపు నాలుగు తలలు తిరుగునో మీకు తెలియును. బడిలో క్రొత్తగా చేరిన పిల్లవాని ఇంటిపేరు విని పంతులు కనుబొమ్మ కదలుట మీరు చూచియేయుందురు. తాగుబోతు తండ్రి ప్రక్క కూర్చున్న కూతురు బడిలో లెక్కలు ఎంత చక్కగా చేయునో అడుగువారుండరు. ఆ ఇంటినుండి వచ్చిన శబ్దమంతయు తండ్రి శబ్దమే. తండ్రిని చెడ్డవాడనుట అన్యాయము కాకపోవచ్చును. మేకు మేకే. అన్యాయము ఎక్కడనగా, ఆ పిల్ల మౌనమును మనము ఖాళీ అనుకొనుటలో.

అయితే అయ్యా, అందరిని వినుచు కూర్చుంటే సంసారములెట్లు సాగును, దొంగ వచ్చినచో తలుపు గడియ వేయవద్దా, అని పెద్దలు నన్నడుగుదురు. గడియ వేయుడు. గడియ రాత్రి వచ్చు ప్రతివానికిని సమానమే; అది ఎవరి ఇంటిపేరును అడుగదు. ఇనుమును వినువాడు ఇనుమును వెండి యనడు. మేకును తీసి, చూచి, మేకని చెప్పి, సంచిలో వేసికొనును. నేను అడుగునది ఆ తీసి చూచుట మాత్రమే. అంత ఓపిక ఎవరికున్నదన్న మాటకు జవాబుగా ఇంకొక చోట జరుగు పని చెప్పెదను.

కంబోడియా దేశములో దశాబ్దముల యుద్ధము ముగిసిన పిమ్మట, పొలములలో పాతిపెట్టిన మందుపాతరలు మిగిలిపోయినవి. దున్నపోయిన రైతు, గడ్డికోయబోయిన పిల్ల వాటిమీద కాలుపెట్టి కాళ్లు పోగొట్టుకొనుచు వచ్చిరి. వాటిని తీయువారి చేతిలోనిది కూడ మెటల్ డిటెక్టరే. రెండవ ప్రపంచయుద్ధములో పోలండు దేశపు అధికారి యోసెఫ్ కోసాట్స్కి మందుపాతరలకొరకు తయారుచేసిన యంత్రము 1942లో ఎల్ అలమీన్ యుద్ధములో ఉపయోగపడినది. నేటి వారు దాని సంతతివాటినే పట్టుకొని నడచుచున్నారు. అయితే వారికి వేరుపాటు మీట లేదు. ఉన్నను త్రిప్పరు. కొన్ని పాతరలలో లోహము బహు కొంచెము, ఒక చిన్న సూదియంత. కావున యంత్రమును అతి సున్నితముగా పెట్టవలెను. పెట్టినచో ప్రతి మేకు, ప్రతి గుండుపెంకు, ప్రతి డబ్బారేకు కూయును. కూసిన ప్రతిచోట మోకాళ్లమీద వంగి, చిన్న పనిముట్టుతో ఏటవాలుగా మట్టిని అంగుళము అంగుళముగా తీయవలెను. వందలకొలది చెత్తముక్కల తరువాత ఒక పాతర. నూరవ మేకు దగ్గర విసిగి నూటొకటవదానిని మేకేలే అనుకొనువాడు ఇంటికి రాడు. టెన్నిసు ఆటస్థలమంత నేలను ఇట్లు వెదకుటకు నాలుగు దినముల వరకు పట్టునందురు.

ఇప్పుడు అక్కడ మరియొక పనివాడు కూడ చేరినాడు. ఆఫ్రికా ఖండపు పెద్ద ఎలుక, మన పందికొక్కుకంటె పెద్దది. టాంజానియా దేశములో అపోపో అను సంస్థవారు దానికి పాతరలోని పేలుడుమందు వాసన పట్టుట నేర్పుదురు. అదే ఆటస్థలమంత నేలను అది అరగంటలో ముగించును. పాతరమీద నడచినను దాని బరువుకు అది పేలదు. మొజాంబిక్ దేశములో కూడ ఇవి పనిచేసినవి. 2015లో ఆ దేశమున తెలిసిన మందుపాతర పొలములన్నియు తీసివేయబడినవని ప్రకటించిరి. కంబోడియాలో పనిచేసిన మగావా అను ఎలుక తన పనికాలమంతటిలో 100కు పైగా పాతరలను, పేలని గుండ్లను కనిపెట్టెను; 2020లో ఇంగ్లండులోని జంతువైద్య ధర్మసంస్థనుండి బంగారు పతకము పొందెను. అది 2022 జనవరిలో చనిపోయినది.

ఆ ఎలుక పని నేను చాలదినములు తలపోసితిని. ఇనుమునుగూర్చి దానికి ద్వేషమును లేదు, మోజును లేదు. మేకుమీదుగా పోవును, లాడముమీదుగా పోవును, డబ్బారేకుమీదుగా పోవును. దేనిని తప్పించుకొని ప్రక్కకు తొలగదు. ప్రతి అడుగు నేలను ముక్కుతో అడుగును. పాతరను పాతరగా చేయునది లోహము కాదు, లోపలి మందు. అది దానినే వెదకును. దొరికినచోట ముందుకాళ్లతో మట్టిని గీరును. తాడు పట్టుకొని ప్రక్కనున్న మనిషి అక్కడ గుర్తుపెట్టి, దానికి అరటిపండు ముక్క ఇచ్చును. అది తిని, మీసములు తుడుచుకొని, తరువాతి వరుసకు పోవును.